సొసైటీలో కొత్త సర్వీస్ పెట్టే ముందు: డిజైన్ థింకింగ్ గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు

ఈ పేజీ సొసైటీలు నడిపేవాళ్ల కోసం. ప్యాక్స్ (ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం) కావచ్చు, మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కింద పెట్టుకున్న పొదుపు సంఘం కావచ్చు, పాల సంఘం కావచ్చు, రైతు ఉత్పత్తిదారుల సంఘం కావచ్చు. చైర్మన్లు, సీఈవోలు, డైరెక్టర్లు, కొత్తగా చేరిన కుర్ర స్టాఫ్ అందరూ దాదాపు ఇవే అడుగుతారు కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాం.

డిజైన్ థింకింగ్ అంటే ఏంటండీ, సింపుల్‌గా చెప్పండి?

సర్వీస్ ఎవరి కోసమో వాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్ల పని ఎలా జరుగుతుందో కళ్లారా చూడటం, అసలు ఇబ్బంది ఎక్కడుందో తేల్చుకోవడం, దానికి ఒకటి కాదు నాలుగైదు దారులు ఆలోచించడం, అందులో ఒకదాన్ని చాలా చవగ్గా చిన్నగా చేసి వాళ్ల చేతికే ఇచ్చి చూడటం, పనిచేయకపోతే మార్చడం, మళ్లీ ఇవ్వడం. అంతే. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డేవిడ్ కెల్లీ వాళ్లు పెట్టిన డీ-స్కూల్ దీన్ని ఐదు మెట్లుగా నేర్పిస్తుంది, ఐడియో అనే డిజైన్ కంపెనీకి చెందిన టిమ్ బ్రౌన్ 2008లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాక బిజినెస్ వాళ్లందరూ ఈ మాట వాడటం ఎక్కువైంది. మెట్ల పేర్లు గుర్తుండకపోయినా పర్లేదు. ముందు చూడు, తర్వాత చిన్నగా చేసి చూపించు, ఆ తర్వాతే ఖర్చు పెట్టు అనే వరస మాత్రం తప్పకూడదు.

ఇన్నేళ్లూ ఇవేవీ లేకుండానే సొసైటీలు నడిచాయి కదా, ఇప్పుడెందుకు?

ఎందుకంటే ఇప్పుడు కొత్త సర్వీసులు పెట్టమని పైనుంచి చాలా ఒత్తిడి ఉంది. 2021లో కేంద్రంలో సహకార మంత్రిత్వ శాఖ వేరుగా వచ్చింది, 2022లో 63 వేల ప్యాక్స్‌ని కంప్యూటరైజ్ చేయడానికి 2,516 కోట్ల ప్రాజెక్టుకి ఆమోదం వచ్చింది, 2023లో వచ్చిన మోడల్ బైలాస్ (సొసైటీ నియమావళి నమూనా) ప్రకారమైతే ప్యాక్స్ 25కి పైగా రకాల పనులు చేసుకోవచ్చు, పాల సేకరణ, గోడౌన్, పెట్రోల్ బంక్, జన ఔషధి షాపు, కామన్ సర్వీస్ సెంటర్ ఇలా. అవకాశం మంచిదే, కాదనట్లేదు. కానీ పక్క మండలం వాళ్లు ఏదో పెట్టారని మనమూ పెట్టేస్తే, తీరా మన ఊళ్లో దాని అవసరమే లేకపోతే, పోయేది సభ్యుల షేర్ ధనం. కంపెనీకి నష్టమొస్తే ఇన్వెస్టర్లు చూసుకుంటారు, సొసైటీకి నష్టమొస్తే మన మెంబరే రెండు రకాలుగా నష్టపోతాడు, ఓనర్‌గా డబ్బు పోతుంది, వాడుకునేవాడిగా సర్వీసూ పోతుంది. అందుకే ఈ పద్ధతి మిగతా అందరికంటే మనకే ఎక్కువ అవసరం అని మా నమ్మకం.

ఇది సిటీ కంపెనీల వ్యవహారం కదా, మన దగ్గర ఎక్కడైనా పనికొచ్చిందా?

మన హైదరాబాద్ పక్కన జరిగిన విషయమే ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పుకుంటారు. 2010లో టిమ్ బ్రౌన్, జోసెలిన్ వాయట్ కలిసి రాసిన వ్యాసం దాంతోనే మొదలవుతుంది. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ పెట్టిన మంచినీటి ప్లాంట్ ఒకటి ఉంది, నీళ్లు శుభ్రం, రేటు కూడా పేదవాళ్లు పెట్టుకోగలిగిందే, నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. అయినా దగ్గర్లోనే ఉండే ఒకావిడ ఆ నీళ్లు తీసుకోకుండా బోరు నీళ్లే పట్టుకుంటోంది, అవి తాగి ఇంట్లోవాళ్లకి అప్పుడప్పుడు జబ్బు చేస్తున్నా సరే. ఎందుకు అని అడిగితే, ప్లాంట్ వాళ్లిచ్చే క్యాన్ దాదాపు 20 లీటర్లది, నీళ్లు నింపితే ఆమె మోయలేదు, ప్లాస్టిక్ డబ్బా నడుం మీదా ఆగదు నెత్తి మీదా ఆగదు, మోసిపెట్టడానికి భర్త పగలు పనికి వెళ్లిపోతాడు. పైగా నెల కార్డు కొనాలి, రోజుకి క్యాన్ చొప్పున, వాళ్లింటికి అన్ని నీళ్లు అక్కర్లేదు, అక్కర్లేనిదానికి డబ్బెందుకు కట్టాలి అని ఆమె ప్రశ్న.

చూడండి, ఇందులో టెక్నాలజీ తప్పు లేదు, ధర తప్పు లేదు, ఆమెకి ఆరోగ్యం మీద శ్రద్ధ లేకా కాదు. క్యాన్ సైజు, కార్డు రూలు, అంతే. ఆఫీసులో కూర్చుంటే ఈ రెండూ ఎవరికీ తట్టవు, ఆమె బిందె ఎలా ఎత్తుకుంటుందో చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. మన సొసైటీల్లో "ప్రజలకి అవగాహన లేదండీ" అని ఎన్నిసార్లు అనుకుంటామో గుర్తు తెచ్చుకోండి, అందులో చాలావరకు ఇలాంటి క్యాన్ సమస్యలే.

మేమూ ఆ ఊరివాళ్లమే, మా మెంబర్ల గురించి మాకు తెలీదా?

వచ్చేవాళ్ల గురించి తెలుస్తుంది. రానివాళ్ల గురించి తెలీదు. సొసైటీ గడప తొక్కేది అప్పు రెగ్యులర్‌గా తీసుకుని కట్టేవాళ్లు, డైరెక్టర్లతో మాటలున్నవాళ్లు, మహాజన సభలో (సభ్యులందరి మీటింగులో) లేచి మాట్లాడేవాళ్లు. బాకీ పడి మొహం చాటేసినవాళ్లు, వేరే ఊరి నుంచి వచ్చే చిన్న రైతు, షేర్ కట్టి పదేళ్లుగా రానివాళ్లు, వీళ్లు మీ లెక్కలో సంఖ్య మాత్రమే.

ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు. రికార్డులో మెంబర్ పేరు ఒకరిది, పని చేసేది ఇంకొకరు. పట్టా తండ్రి పేరు మీద ఉంటుంది కాబట్టి మెంబర్ ఆయనే, వ్యవసాయం కొడుకు చేస్తాడు, మందు కొట్టించేది కోడలు, ఫోన్లో మెసేజ్ చదివేది ఇంటర్ చదివే మనవరాలు. ఇక కౌలు రైతు అయితే భూమి తనది కాదు కాబట్టి అసలు మన పుస్తకంలోనే లేకపోవచ్చు, కానీ ఆ పొలానికి యూరియా కావాల్సింది అతనికే. మీరు సర్వీస్ తయారు చేసేది పుస్తకంలో పేరు కోసమా, పొలంలో మనిషి కోసమా అనేది మొదటే తేల్చుకోండి.

ఎంతమందితో మాట్లాడాలి, ఎవరితో?

వందల మంది అక్కర్లేదు. పది పన్నెండు మంది చాలు, కానీ ఒక్కోళ్లూ ఒక్కో రకం ఉండాలి, అందరూ చైర్మన్ గారి వీధివాళ్లే అయితే పన్నెండు మందితో మాట్లాడినా ఒకరితో మాట్లాడినట్లే. బాగా వాడుకునేవాళ్లు ఇద్దరు, మానేసినవాళ్లు ఇద్దరు, ఓవర్‌డ్యూలో ఉన్నవాళ్లు ఒకరిద్దరు, కౌలు చేసేవాళ్లు, ఒంటరి మహిళ, మెంబర్ ఇంట్లో కుర్రాడు, ఫర్టిలైజర్ షాపులో అరువు తెచ్చుకునేవాళ్లు తప్పకుండా ఉండాలి. ఇలా మాట్లాడుతూ పోతే ఒక దశలో చెప్పిందే మళ్లీ వినిపిస్తుంది, అక్కడ ఆపొచ్చు.

వెళ్లేది ఇద్దరు వెళ్లండి, ఒకరు మాట్లాడటానికి ఒకరు రాసుకోవడానికి. చైర్మన్ గారు వెంట వస్తే మనుషులు నిజం చెప్పరు, మర్యాద మాటలు చెప్తారు. ఊళ్లో ఏ పార్టీ ఏ వర్గం అనేది కూడా చూసుకోవాలి, ఒక వర్గం మనిషి ఇంటి అరుగు మీద కూర్చుని అందర్నీ అక్కడికే పిలిస్తే రెండో వర్గం వాళ్లు రారు. పదిమందిని రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి అడిగితే గొంతు పెద్దగా ఉన్నవాళ్ల అభిప్రాయమే వస్తుంది, ఆడవాళ్లు అస్సలు నోరు విప్పరు, అందుకే ఇంటికో పొలానికో వెళ్లి విడిగా మాట్లాడటమే మంచిది.

సర్వే ఫారం ఇస్తే సరిపోదా? ఏం అడగాలి?

సర్వే ఫారంలో "ఈ సర్వీస్ పెడితే వాడుకుంటారా" అని అడుగుతారు, అందరూ అవునని టిక్ పెడతారు. పెట్టండి సార్ మంచిదే కదా అంటారు, ఎందుకంటే కాదని చెప్పడం మన దగ్గర మర్యాద కాదు, పైగా అవునంటే వాళ్లకి పోయేదేం లేదు. ఆ టిక్కుల్ని నమ్మి మెషిన్లు కొని షెడ్డులో పెట్టుకున్న సంఘాలు ఉన్నాయి.

జరిగిపోయినదాని గురించి అడగండి. పోయిన సీజన్‌లో మందు ఎక్కడ కొన్నారు, అక్కడే ఎందుకు, డబ్బు ఎప్పుడిచ్చారు, ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పండి అని. వరసగా చెప్తుంటే మధ్యలో ఇబ్బందులు వాటంతటవే బయటికొస్తాయి, ఆటో ఛార్జీ ఎంతైంది, కూలి ఎంత పోయింది, ఎవర్ని బతిమాలుకోవాల్సి వచ్చింది అన్నీ. షాపులో రేటు ఎక్కువైనా ఎందుకు అక్కడికే వెళ్తారంటే అతను రాత్రి ఎనిమిదికి కూడా ఇస్తాడు, ఆకు చూసి మందు చెప్తాడు, పంట అమ్మాక డబ్బు తీసుకుంటాడు. మన కౌంటర్ సాయంత్రం ఐదింటికి మూస్తాం. ఇలాంటిది ఏ ఫారంలోనూ రాదు.

సమస్యని తేల్చుకోవడం అంటే? సమస్య తెలిసే కదా మొదలుపెట్టాం.

ఇదే అన్నిటికంటే కష్టమైన మెట్టు, ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా. ఒక ఉదాహరణ తీసుకుందాం. వడ్ల కొనుగోలు సెంటర్లో లేటవుతోంది అని మెంబర్లు గోల పెడుతున్నారు. పాలకవర్గం వెంటనే ఇంకో కాంటా కొందాం అంటుంది. ఆగి ఒక రోజంతా సెంటర్లో కూర్చుని ఒక్కో కుప్ప ఎప్పుడు వచ్చింది ఎప్పుడు తూకం అయింది మధ్యలో దేనికోసం ఆగింది రాసుకోండి. కొన్ని గోనె సంచులు లేక ఆగాయి, కొన్ని లారీ రాక ఆగాయి, ఎక్కువ మాత్రం తేమ తగ్గక ఆగాయి అని తేలిందనుకోండి. తేమ 17 శాతం దాటితే కొనరు, మిషన్‌తో కోసిన వడ్లు పచ్చిగా వస్తాయి, ఇంటి దగ్గర ఎండబోసే జాగా లేదు, పరదాలు లేవు, పైగా తేమ ఎంతుందో సెంటర్‌కి తెచ్చేదాకా తెలీదు. అంటే కుప్ప పోసి అక్కడే ఎండబెట్టుకుంటూ రాత్రిళ్లు కాపలా పడుకుంటున్నారు, వాన వస్తే అంతే సంగతులు.

ఇప్పుడు సమస్యని ఒక్క వాక్యంలో మళ్లీ రాయండి. "కాంటాలు తక్కువ" అని కాదు, "వడ్లు ఎప్పుడు తేవాలో రైతుకి ముందే తెలిసే దారి లేదు" అని. మొదటి వాక్యానికి ఒకే జవాబు ఉంది, కాంటా కొనడం. రెండోదానికి ఎన్నో ఉన్నాయి. తేమ మీటర్ కళ్లం దగ్గరికే పంపొచ్చు, పరదాలు అద్దెకివ్వొచ్చు, ఊరివారీగా రోజులు ఇవ్వొచ్చు, కోత మిషన్ వాళ్లతోనే మాట్లాడి కోతలు కాస్త సర్దుబాటు చేయించొచ్చు.

చిన్నగా చేసి చూపించే నమూనా అంటే యాప్ చేయించాలా? మా దగ్గర అంత డబ్బు లేదు.

వద్దు, దయచేసి యాప్‌తో మొదలుపెట్టకండి. పై ఉదాహరణలో నమూనా అంటే సొసైటీలో ఉన్న ఒక్క తేమ మీటర్, ఒక కుర్రాడు, అతని బండి, ఒక ఊరు, ఒక వారం. కళ్లం దగ్గరికే వెళ్లి చూసి చీటీ మీద ఎంతుందో, ఎన్ని రోజులు ఎండితే సరిపోవచ్చో రాసిస్తాడు. ఫోన్ చేస్తే వస్తాడు, నంబర్ ఊళ్లో గోడ మీద రాసి ఉంటుంది. పెట్రోల్ ఖర్చు తప్ప ఇంకేం లేదు, వారంలో బోలెడు నేర్చుకుంటారు.

యూరియా సంగతి కూడా అంతే. 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం రైతులు చెప్పులు, పట్టా పాస్‌బుక్కులు లైన్లో పెట్టి కూర్చోవడం అందరం చూశాం, చూస్తే బాధేసింది. ఇలాంటప్పుడు ఊరివారీగా టైం రాసిన కాగితం టోకెన్లు ఒక రోజు ఒక ఊరికి ఇచ్చి చూడటం నమూనా. అయితే ఒకటి గుర్తుంచుకోండి, స్టాకే రాకపోతే టోకెన్ ఎంత బాగా తయారు చేసినా బస్తా రాదు. మన చేతిలో ఉన్న ఇబ్బంది లైను, మన చేతిలో లేనిది సప్లయ్, రెండోది సర్వీస్ డిజైన్‌తో తీరదు, దానికి పైవాళ్లని అడగాల్సిందే.

ఫోన్ సర్వీస్ ఏదైనా అనుకుంటే ముందు వాట్సాప్ గ్రూప్‌తో చేయండి, వెనకాల మన స్టాఫే కూర్చుని ఒక్కో మెసేజ్‌కి జవాబిస్తారు. మెసేజ్ కంటే వాయిస్ ఎక్కువ పంపుతున్నారా, రాత్రిళ్లు అడుగుతున్నారా, ఫొటోలు పంపుతున్నారా అన్నీ తెలుస్తాయి. అవి తెలిశాక సాఫ్ట్‌వేర్ వాళ్లతో మాట్లాడితే ఏం కావాలో గట్టిగా చెప్పగలరు.

టెస్ట్ పాసైందో ఫెయిలైందో ఎలా తెలుస్తుంది?

మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకోండి, ఎంతమంది వాడితే కొనసాగిస్తాం, ఎంతకి తగ్గితే ఆపేస్తాం అని. తర్వాత రాసుకుంటే వచ్చిన నంబరే మంచి నంబర్ అనిపిస్తుంది. ఉదాహరణకి 30 కుటుంబాలతో మొదలుపెడితే రెండోసారి తమంతట తాము ఫోన్ చేసి పిలిచినవాళ్లు 12 మందైనా ఉండాలి అని పెట్టుకోవచ్చు.

రెండోసారి అనేదే ముఖ్యం. మొదటిసారి మొహమాటానికైనా కుతూహలానికైనా వాడతారు. బాగుందా అని అడిగితే బాగుందంటారు, దానికి విలువివ్వకండి, మళ్లీ వచ్చారా లేదా అదే చూడండి. చిన్న ఫీజు పెట్టడం కూడా మంచి పరీక్ష, పది రూపాయలైనా సరే, ఫ్రీగా ఇస్తే అవసరం ఎంతో తెలీదు. అలాగని కట్టలేనివాళ్లు పక్కకి పోతున్నారేమో కూడా గమనించాలి, సొసైటీ ఉన్నదే వాళ్ల కోసం కాబట్టి.

మెంబర్ల మీద ప్రయోగాలు చేయడం తప్పు కదా?

చెప్పకుండా చేస్తే తప్పే. ఇది ట్రయల్, ఇన్ని రోజులే, ఆగిపోవచ్చు కూడా అని ముందే చెప్పాలి, నోటీస్ బోర్డు మీద పెట్టాలి, వచ్చే మహాజన సభలో ఏం తేలిందో చెప్పాలి. ఆ ఊరికే ఎందుకిచ్చారు మా ఊరికెందుకివ్వలేదు అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది, అందుకే ఊరిని అందరి ముందూ చీటీ తీసి ఎంచుకుంటే గొడవ ఉండదు.

కొన్నిటితో ఆడకూడదు. డిపాజిట్లు, పంట రుణం వాయిదాలు, ఇన్సూరెన్స్ ప్రీమియం, వీటిలో చిన్న తేడా వచ్చినా మెంబర్ నిండా మునుగుతాడు. ఇక్కడ కాగితం మీద నమూనా చూపించి అభిప్రాయం తీసుకోండి, నిజం డబ్బుతో వద్దు. ఆధార్ కాపీలు, పాస్‌బుక్ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించకండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, చట్టం సంగతి అలా ఉంచినా ఒకరి అప్పు వివరాలు ఊరందరికీ తెలియడం చాలా అవమానం.

అమెరికా క్రెడిట్ యూనియన్లలో లాటరీ పొదుపు అని విన్నాం, మనం పెట్టొచ్చా?

పెట్టకూడదు, కానీ దాన్నుంచి నేర్చుకోవచ్చు. అక్కడ క్రెడిట్ యూనియన్ అంటే మన సహకార పొదుపు సంఘం లాంటిదే. పొదుపు చేసినవాళ్లకి లాటరీలో బహుమతి వచ్చే అవకాశం ఇస్తే పొదుపు పెరుగుతుందా అని ముందు ఇండియానాలో ఒక్క క్రెడిట్ యూనియన్‌లో చిన్నగా చూశారు, ఆ తర్వాత 2009లో మిషిగన్‌లో 8 క్రెడిట్ యూనియన్లు కలిసి సేవ్ టు విన్ అని మొదలుపెట్టాయి, అక్కణ్ణుంచి వేరే రాష్ట్రాలకి వెళ్లింది. ఒకటి, ఎనిమిది, తర్వాత మిగతావి, ఈ వరస మనం నేర్చుకోవాల్సింది. స్కీం మాత్రం కాదు, మన దగ్గర డబ్బు కట్టించుకుని లాటరీలో బహుమతులిచ్చే ప్రైజ్ చిట్స్‌ని నిషేధించే చట్టం 1978 నుంచి ఉంది. బయటి ఐడియా ఏదైనా మన చట్టం, మన బైలాస్ చూసుకున్నాకే.

ట్రయల్ ఖర్చుకి ఆడిట్‌లో అభ్యంతరం రాదా?

పాలకవర్గంలో తీర్మానం చేయించండి, దేనికోసం, గరిష్టంగా ఎంత, ఎన్ని రోజులు, బాధ్యత ఎవరిది. వోచర్లు పెట్టుకోండి. తర్వాత ఫలితం కూడా మినిట్స్‌లో రాయించండి. చిన్న మొత్తం, ముందే తీర్మానం, చివర్లో రిపోర్ట్ ఉంటే చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది.

మా డైరెక్టర్లు ఇవన్నీ టైం వేస్ట్ అంటున్నారు.

వాళ్లకి ప్రెజెంటేషన్లు చూపించకండి, ఒక్కో డైరెక్టర్‌ని తన ఊరు కాని ఊరికి, మామూలు మనిషిలా, సొసైటీకి రావడం మానేసిన ఒక మెంబర్ ఇంటికి తీసుకెళ్లండి. అరగంట విన్నాక మీరేం చెప్పక్కర్లేదు.

ముల్కనూరు గురించి కూడా చెప్పండి. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి గారు ముందుండి పెట్టిన ఆ సొసైటీ, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది, అప్పుతో పాటు ఎరువులు, విత్తనాలు, పంట కొనుగోలు, రైస్ మిల్లు ఇలా సభ్యుడి వ్యవసాయం వెంటే నడిచింది. అదే ప్రాంతంలో ఆడవాళ్ల పొదుపు సంఘాల పునాది మీద మహిళల పాల డెయిరీ వచ్చింది, స్వకృషి పేరుతో పాలు అమ్ముతారు. వాళ్లు డిజైన్ థింకింగ్ అనే మాట వాడి చేశారని మేం అనట్లేదు. ఒక అవసరం తీరాక దాని పక్కనే ఉన్న అవసరం ఏంటో సభ్యుల్లోంచి చూడటం అక్కడ కనిపిస్తుంది, మాకు చాలా గౌరవం.

ట్రయల్ బాగా నడిచింది, వెంటనే అన్ని ఊళ్లలో పెట్టేద్దామా?

ఆగండి. ట్రయల్‌లో ఆ బండి కుర్రాడు హుషారైనవాడు కాబట్టి నడిచిందేమో. రెండో ఊళ్లో వేరే మనిషితో, వీలైతే కొంచెం కష్టమైన ఊళ్లో, మళ్లీ చేయండి. పది ఊళ్లకి ఎన్ని మీటర్లు, మీటర్ పాడైతే ఎవరు బాగుచేస్తారు, స్టాఫ్ జీతం ఎక్కణ్ణుంచి, ఇవన్నీ అప్పుడు లెక్కేయాలి. ఇవాళ దేశమంతా ఉన్న పొదుపు సంఘాల బ్యాంక్ లింకేజీ, అంటే సంఘాలకి బ్యాంకు అప్పులు ఇప్పించడం, అది కూడా 1992లో నాబార్డ్ (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) 500 సంఘాలతో పైలట్‌గా మొదలుపెట్టిందే, అది నడిచాకే మన రాష్ట్రాల్లో ఇంత పెద్దదైంది.

ఫెయిలైతే ఆపేయండి, ఆపేశామని చెప్పండి, ఎందుకో చెప్పండి. మెంబర్లు దాన్ని తప్పు పట్టరు, చెప్పకుండా మాయం చేస్తేనే అనుమానపడతారు.

మాది విదేశాల్లో తెలుగు సంఘం, మాకు పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది. అక్కడా అదే పరిస్థితి, లైఫ్ మెంబర్‌షిప్ కట్టి ఉగాదికి తప్ప రానివాళ్లు చాలామంది. కార్యక్రమాలు ప్లాన్ చేసేది వచ్చేవాళ్ల ఇష్టాల్ని బట్టి. మెంబర్ లిస్టులో లేని మనుషులు అక్కడా ఉన్నారు, పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చి పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే అమ్మానాన్నలు, కొత్తగా వచ్చిన స్టూడెంట్లు. హాల్ బుక్ చేసే ముందు ఒక కాలనీలో నలుగురు పెద్దవాళ్లకి వారానికోసారి పార్కుకి రైడ్ ఏర్పాటు చేసి చూడండి, రెండో వారం ఎంతమంది ఫోన్ చేస్తారో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

ఎప్పుడు మొదలుపెడితే మంచిది?

మనుషులతో మాట్లాడటం పనులు తక్కువున్న రోజుల్లో, చూడటం మాత్రం పని మీదున్నప్పుడే. వడ్ల సర్వీస్ అనుకుంటే వానాకాలం కోతలు అక్టోబర్ నవంబర్‌లో వస్తాయి కాబట్టి అప్పుడు సెంటర్లో కూర్చుని రాసుకోండి, సంక్రాంతి తర్వాత ఇళ్లకి వెళ్లి మాట్లాడండి, మార్చిలోపు తీర్మానం, నమూనా సిద్ధం చేసుకుంటే ఏప్రిల్‌లో యాసంగి కోతలకి ఒక ఊళ్లో ట్రయల్ పెట్టొచ్చు. సెప్టెంబర్ మహాజన సభ నాటికి చెప్పడానికి మీ చేతిలో మీ ఊరి లెక్కలే ఉంటాయి.